గుడ్డకు తాపిన పాలు

ఇంకొంచెం ఇటు జరిగి కూర్చోండి. చాప పెద్దదే, గోడకు ఆనుకోవచ్చు. దగ్గర కూర్చోమనడం మీకు మామూలు మాట. ఒక ఎండకాలమంతా నా పక్కన మనిషి కూర్చోలేదు. వచ్చినవాళ్లు కూడా గాలి ఎటు వీస్తోందో చూసుకుని, అది నా మీదినుంచి తమ వైపు రాని చోట దూరంగా నిలబడి రెండు మాటలు చెప్పి పోయారు. ఇక భయం లేదని డాక్టరమ్మ చెప్పింది కాబట్టే పిలుస్తున్నాను. నేను చదివింది రెండో తరగతి. మీరు ఎదురుగా ఉన్నట్టే అనుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా వస్తాయి గానీ జరిగింది మాత్రం జరిగినట్టే గుర్తుంది. ఈ రోగం మీ ఇంటి గడప తొక్కకూడదు. ఒకవేళ తొక్కితే, నేను చేసిన తప్పు మీరు చేయకూడదని చెబుతున్నాను.

మాది కాళహస్తి. మా అత్తవారింట్లో అద్దకం పని. గుడ్డను కరక్కాయ పొడి కలిపిన పాలలో నానబెట్టి ఆరేస్తారు. వెదురుపుల్లకు గుడ్డపేలిక చుట్టి, దారంతో బిగించి కలం చేసుకుని, తుప్పు ఇనుమూ బెల్లమూ నానేసిన నల్లరంగుతో దానిమీద దేవుళ్ల కథలు గీస్తారు. పాలు ఎందుకంటే, ఆ జిడ్డు గుడ్డకు పట్టి ఉంటేనే గీత గీతలాగా నిలుస్తుంది. లేకపోతే రంగు నాలుగు పక్కలకూ పాకిపోతుంది. గీసేది మగవాళ్లు. ఆడవాళ్లం గుడ్డ నానబెడతాం, ఏట్లో ఉతుకుతాం, ఎర్రగా రావలసిన చోట పటిక నీళ్లు పూస్తాం, తర్వాత ఎర్రవేరు వేసి కాగులో ఉడకబెడతాం. పటిక తగిలిన చోటల్లా ఎరుపు పట్టుకుంటుంది.

ఆ సంవత్సరం మాఘంలో నాకు దగ్గు పట్టింది. అవి యుద్ధం రోజులు. గుడ్డ సర్కారు కంట్రోలులో కొలత ప్రకారమే దొరికేది, పనే తక్కువ. ఉన్న పనికి మోకాలి లోతు నీళ్లలో నిలబడేదాన్ని, కాబట్టి దగ్గును ఎవరూ పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు. ఒకరోజు కొంగుతో నోరు తుడుచుకుంటే ఎర్ర చుక్కలు కనిపించాయి. వేరు రంగు చింది ఉంటుందనుకుని ఉతికేశాను. మా ఇంట్లో ఆ మరకలు లేని కొంగు ఉండదు. మర్నాడూ కనిపించాయి, మర్నాడూ ఉతికాను. మూడు నాలుగు రోజులు అట్లాగే రంగు అనుకుంటూ ఉతికాను. ఒక పొద్దున ఏటి ఒడ్డున కూర్చుని ఉండగా తట్టింది: ఆ వారం మా ఇంట్లో ఎర్ర కాగు పొయ్యి ఎక్కలేదు. జరుగుతున్నదంతా నల్ల గీతల పని.

గుడ్డలు సగంలో వదిలి ఇంటికి వచ్చాను. నా కూతురు రత్నానికి అప్పటికి మూడేళ్లు నిండలేదు. వాకిట్లోంచి చేతులు చాపుకుని పరుగెత్తుకొచ్చింది. ఎత్తుకోబోయి, చేతులు వెనక్కి పెట్టుకున్నాను. అది నా మోకాళ్లకు తగులుకుని, తల పైకెత్తి, ఎందుకు ఎత్తుకోలేదా అని చూసింది.

మా అత్త వాకిట్లోకి వచ్చింది. నా కొంగు చూసింది, నా ముఖం చూసింది. ఆ పూటే రత్నం పడక తన పక్కకు మార్చింది. నా పళ్లెం, లోటా తీసి బయటి గూట్లో పెట్టింది. కోపంగా కూడా కాదు, దీపం తీసి గూట్లో పెట్టినట్టు నెమ్మదిగా పెట్టింది. అందుకే నాకు ఎక్కువ భయమేసింది.

శివరాత్రికి ఊరంతా జనం. నేనూ మా ఆయనా ఆ జనానికి ఎదురు నడుచుకుంటూ రైలుకు పోయాం. రేణిగుంటలో బండి మారి, చిత్తూరు దాటి, ఒక పెద్ద ఆసుపత్రికి చేరాం. అక్కడ దగ్గేవాళ్లకు వేరే వరండా. పొడుగాటి బల్లమీద ఒకరికీ ఒకరికీ మధ్య మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చోవాలి. ఎవరూ మాట్లాడరు. ఎవరైనా దగ్గితే మిగతావాళ్లందరూ నేల చూస్తారు. నా తర్వాత కూర్చున్న ముసలామె తన తాటాకు విసనకర్రను బల్లమీద పెట్టి నా వైపు తోసింది. కాసేపు విసురుకుని తిరిగి తోశాను. పొద్దు వాలేదాకా అది మా ఇద్దరి మధ్య అటూ ఇటూ జరుగుతూనే ఉంది. ఆమె పేరు నాకు తెలియదు. లోపలికి పిలిచినప్పుడు విసనకర్ర బల్లమీదే వదిలిపోయింది, మళ్లీ రాలేదు.

ఎక్సరే తీసేటప్పుడు చల్లని పలకకు రొమ్ము ఆనించి ఊపిరి బిగబట్టమన్నారు. డాక్టరమ్మ ఆ పటాన్ని వెలుతురుకు పట్టి చూసి మా ఆయనతో చెప్పింది, నాతో కాదు. దీనికి తగ్గించే మందు అంటూ లేదు, చల్లని గాలి, పడక, పాలు, గుడ్లు, అంతే అంది. కాళహస్తి ఎండలో ఈమె నిలవదు, పలమనేరు వైపు ఎక్కడైనా ఉంచండి అంది. వైశాఖంలో ఒకసారి, ఆషాఢంలో ఒకసారి తీసుకురమ్మంది. ఆషాఢానికి బరువు పెరిగి జ్వరం తగ్గితే ఇంటికి పోవచ్చు. లేకపోతే ఏడాదో రెండేళ్లో రోగులుండే చోటే ఉండాలి, అక్కడికి పిల్లలను రానివ్వరు.

రెండేళ్లంటే రత్నం వయసు. అన్నాళ్లు కనబడకపోతే అది నన్ను ఎట్లా గుర్తు పడుతుంది? ఆ తర్వాత నాకు చావు భయం కంటే ఆ భయమే పెద్దదైంది.

ఉగాది ముందు బొగ్గుతో నడిచే బస్సులో పలమనేరు ఎక్కాం. అక్కడికి రెండు కోసుల దూరంలో ఒక ఊరి చెరువు. తూము పక్కన నీరుగంటి కోసం కట్టిన బండల గది ఒకటి ఉంది. చెరువు నీళ్లు వంతు ప్రకారం పొలాలకు వదిలే మనిషిని నీరుగంటి అంటారు. ఆయన ఊళ్లో ఇల్లు కట్టుకుని దిగిపోయాక గది ఖాళీగా పడి ఉంది. మా ఆయన ఒకప్పుడు ఆ ఊరి గంగమ్మకు అద్దకం తెర రాసిచ్చాడు. ఆ మొహమాటానికి పెద్దలు కాదనలేకపోయారు. కానీ కట్ట దిగి ఊళ్లోకి రాకూడదన్నారు, బావి ముట్టకూడదన్నారు. తాగే నీళ్లకు చెరువు ఇసుకలో చెలమ తవ్వుకోమన్నారు.

మా ఆయన ఒక చాప, రెండు కుండలు, రాగిపిండి మూట పెట్టి సాయంత్రం బస్సుకు పోయాడు. కట్టమీద ఆయన తలపాగా చిన్నదవుతూ పోవడం చాలాసేపు కనిపించింది. కట్ట తిన్నగా ఉండటం అంత చెడ్డదని నాకు అప్పటిదాకా తెలియదు.

నీరుగంటి భార్య ఎల్లమ్మ పొద్దునా సాయంత్రం ఎనుము పాలూ, రోజుకొక కోడిగుడ్డూ తెచ్చేది. గేదెను మేం ఎనుము అంటాం. తన చెంబు పైకెత్తి, నా చెంబుకు తగలకుండా పోసేది. మూడు బారల దూరం పోయి నిలబడి, జ్వరం ఉందా, తిన్నావా అని అడిగి పోయేది. మిగతా పొద్దంతా నేనూ చెరువూ. ఊరు కనిపిస్తుంది, వినిపించదు. ఒకోసారి నీళ్లమీదుగా ఎవరో ఎవరినో పిలిచే కేక వస్తుంది, నాకు సంబంధం లేని పేరు. నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. ఒక మధ్యాహ్నం తూము రాతిమీద కూర్చుని, చెంగమ్మా, అన్నం తిన్నావా అని నన్ను నేనే అడిగాను. బదులు చెప్పబుద్ధి కాలేదు. లేచి లోపలికి పోయి గోడవైపు తిరిగి పడుకున్నాను.

ఎండకు చెరువు రోజుకు మూరెడు వెనక్కి పోయేది. నీళ్లు వదిలిన బురదమీద అడుగులు పడి ఆరేవి. కొంగ అడుగులు, ఎనుముల గిట్టలు, నీళ్లకు వచ్చిన నక్కవి. నేను లేచేసరికి ఎవరెవరు వచ్చి పోయారో చూసుకోవడం అలవాటైంది. వచ్చినవాళ్ల ముఖం చూడకపోయినా, వచ్చారని తెలియడం కొంత నయం.

చైత్రంలో గీతలు మొదలుపెట్టాను. మా ఇంట్లో ఆడవాళ్లు గీయరు. వద్దని ఎవరూ అనలేదు, అట్లా జరగలేదంతే. చింతపుల్లలు కాల్చి ఇసుకలో ఆర్పితే మంచి బొగ్గులవుతాయి. మా ఆయన ముందు బొగ్గుతో గీసుకుని తర్వాత కలం పెట్టడం పదేళ్లుగా చూశాను. బండల గోడమీద కొంగను గీశాను. మునిగి ముక్కు మాత్రం బయట పెట్టిన ఎనుమును గీశాను. చెంబు పట్టుకుని ముఖం చిట్లించిన ఎల్లమ్మను గీశాను. గీసేటప్పుడు పొద్దు జరిగేది, అది చాలు.

పదిహేను రోజులకు మా ఆయన వచ్చి కిటికీ బయట నిలబడి గోడ చూశాడు.

"ఈ కొంగను ఎవురు గీసినారు?"

నేనేనన్నాను.

"మోకాలు వెనక్కి ముడిసినావే."

"దానికి అట్లే ఉండాది. పోయి సూడు."

చూడ్డానికి నిజంగానే పోయాడు. నీళ్లలో నిలబడిన కొంగను చాలాసేపు చూశాడు. వెనక్కి వచ్చి, ఇన్నేళ్లూ తప్పుగా గీసినాను అన్నాడు. ఆ మాటకు ఇద్దరం నవ్వాం. నవ్వితే నాకు దగ్గొచ్చింది, ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. వేసి, వేసినందుకు సిగ్గుపడి చెరువు వైపు తిరిగాడు.

రత్నానికి బొమ్మల గుడ్డలు చేసి పంపుతానని ఆ రోజు అడిగాను. అమ్మ యాడుండాదో, ఏం చూస్తా ఉండాదో దానికి తెలియాల, లేకుంటే మరిచిపోతుంది అన్నాను. తర్వాతిసారి ఆయన పాత పంచె ముక్కలు, కరక్కాయ పొడి, నల్లరంగు కుండ, పటిక, రెండు కలాలు తెచ్చాడు. ఎర్రవేరు మాత్రం ఇంట్లోనే ఉంచాడు. నేను పటిక పూసి పంపితే అక్కడ ఉడకబెట్టుకుంటామన్నాడు.

ఇక నా తప్పు వినండి. గుడ్డ నానడానికి పాలు కావాలి. నా చెంబులో పాలు ఉన్నాయి, చిక్కటి ఎనుము పాలు, అద్దకానికి అంతకంటే మంచివి దొరకవు. ఎల్లమ్మను ఇంకొన్ని అడగడానికి నోరు రాలేదు. ఒక్క పూట పాలే కదా అనుకుని పోశాను. రెండో తడి లేకపోతే గుడ్డ పట్టదని మర్నాడూ పోశాను. ఆ తర్వాత ఇంకో గుడ్డ. జ్వరం నోటికి పాల వాసన పడేది కాదు. అదీ నాకు కలిసొచ్చింది, దాచడమెందుకు. బిడ్డ కోసమే కదా అని మనసుకు చెప్పుకుంటే మనసు ఒప్పుకుంది.

ఆ తడవ చివరి గుడ్డలో నన్ను నేను గీసుకున్నాను. అద్దం లేదు. చెలమ మీదికి వంగి చూసుకుంటే ఎముకలు తేలిన ముఖం కనిపించింది. ఇది పంపితే బిడ్డ జడుసుకుంటుందని బుగ్గలు గుండ్రంగా గీశాను. బొమ్మ బుగ్గలు నిండాయి, నావి లోపలికి పోయాయి.

వైశాఖంలో ఆసుపత్రికి పోతే త్రాసు ముల్లు వెనక్కి పోయింది. డాక్టరమ్మ నన్ను దించి మళ్లీ ఎక్కించి చూసింది. పాలు తాగుతున్నావా అని అడిగింది. తాగుతున్నానమ్మా అన్నాను. గుడ్లు తింటున్నావా అంది. అవి మాత్రం నిజంగానే తింటున్నాను కాబట్టి ఆ జవాబు గట్టిగా చెప్పాను. ఆమె కాగితంమీద ఏదో రాసి, పాలు తాగీ ఇట్లా తగ్గితే లోపల రోగం ముదురుతున్నట్టే అని మా ఆయనతో అంది. ఆషాఢానికి ఇట్లాగే ఉంటే ఇంటి ఆశ వదులుకోవాలంది. బస్సులో ఆయన నాకు దూరంగా కూర్చుని, తుండుతో ముఖం తుడుచుకుంటూనే ఉన్నాడు. నిజం నా నాలుకమీదే ఉంది. చెప్పలేదు.

ఆ మర్నాడు పాలలో నానబెట్టిన గుడ్డ ఒకటి కట్టమీద ఆరేశాను. ఎల్లమ్మ వచ్చేసరికి దానికి ఈగలు ముసిరాయి. ఆమె అంతవరకూ నా వస్తువు ఒక్కటి ముట్టుకోలేదు. ఆ రోజు గుడ్డ అంచు పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఏం పాపా, నా ఎనుము పాలు నువ్వు తాగినావా, గుడ్డకు తాపినావా?"

నేను చెంబు వెనక్కి జరిపాను.

"నా బిడ్డలకు గంజి పోసి ఈ పాలు నీకు తెస్తా ఉండాను. రోగం నీకా, గుడ్డకా?"

నా బిడ్డకు బొమ్మలు పంపుతున్నానని నసిగాను.

"బొమ్మ ఎవురికి కావల్ల? దానికి అమ్మ కావల్ల గానీ."

అని, నా కలాలు రెండూ తీసుకుని, చెంబు నెత్తిన పెట్టుకుని కట్ట దిగిపోయింది. ఆ పొద్దు పాలు కూడా పోయలేదు. నేను గది ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చాను. ఆమె తిట్టినందుకు కాదు. ఒక మనిషి నా దగ్గరికి అంత దగ్గరగా వచ్చి కోప్పడి ఎన్నాళ్లయిందో లెక్క దొరకలేదు, అందుకు.

సాయంత్రం వచ్చింది. చెంబు నిండా పోసింది. దూరం పోకుండా, గది గడప బయట రాతిమీద కూర్చుని తాగమంది. తాగుతుంటే చూస్తూ కూర్చుంది. మర్నాటినుంచి రెండు పూటలా అంతే. అట్లా తాగడం నాకు మందు మింగినట్టే ఉండేది, కానీ ఎదురుగా మనిషి ఉంది. ఆమె ఇంట్లో ఎవరు కూర బాగుందన్నారు, ఏ ఎనుము తన్నింది, నీరుగంటి ఎవరి వంతు తప్పించి ఎవరితో మాటపడ్డాడు, అన్నీ చెప్పేది. నేను చెంబు దించితే కథ ఆపేది.

నాలుగైదు రోజులకు నాకొక ఆలోచన వచ్చింది. పాలు లేకపోతే కలం గీత పాకుతుంది. కానీ అచ్చు పాకదు. మా ఇంట్లో అంచులకు వేసే పాత కొయ్య అచ్చులు రెండున్నాయి. వాటికి రంగులో జిగురు కలిపి చిక్కబరుస్తారు. గుడ్డను ఉత్త కరక్కాయ నీళ్లలో ముంచితే సరిపోతుంది. చెరువు లోపల నల్లతుమ్మలున్నాయి, వాటికి కావలసినంత జిగురు. ఇది చెబితే ఎల్లమ్మ మూతి తిప్పింది, కానీ మర్నాడు మొగుడి దగ్గర మెత్తని కొయ్య ముక్కలూ, చిన్న ఉలీ తెచ్చింది. ఉలి మాత్రం నాకివ్వలేదు, నడుముకు దోపుకుంది. ఖాళీ చెంబు బోర్లించి చూపితే ఉలి చేతికిచ్చేది. ఇంటికి పోయేముందు అడిగి తీసుకునేది. నాకు ఆయాసం రాకుండా మొరటు చెక్కుడు తానే చేస్తానని కూర్చుంది. ఆమె చెక్కిన కొంగ కోడిలా వచ్చింది.

"కోడే మేలు," అంది. "గుడ్డన్నా పెడతాది."

జ్యేష్ఠంలో అచ్చులు గుద్దాను. నల్లరంగు అచ్చు ముందు, పటిక అచ్చు దానిమీద. పటికకు రంగు ఉండదు. ఆరితే గుడ్డమీద ఉందో లేదో తెలియదు. కొంగ నల్లగా కనిపిస్తుంది, దాని వెనక నేను వేసిన గుండ్రటి పొద్దు కనిపించదు. ఉందని నాకు తెలుసు, అంతే. చెక్కింది కుడివైపు చూస్తే గుద్దింది ఎడమవైపు చూస్తుందని తెలియక నా మొదటి కొంగలన్నీ చెరువుకు వీపు తిప్పి నిలబడ్డాయి.

సుఖంగా ఉన్నానని అనుకోకండి. ఎల్లమ్మ ఉండేది రెండు పూటలా కాసేపు. ఆమె పోయాక కట్టమీద నిశ్శబ్దం ఇంకా పెద్దదయ్యేది. ఒక మధ్యాహ్నం దగ్గితే మళ్లీ ఎర్రగా పడింది. ఈసారి రంగు అనుకోవడానికి వీల్లేదు. కదిలితే ఇంకా వస్తుందేమోనని వెల్లకిలా పడుకుని పైకప్పు బండలు లెక్కపెట్టాను. పిలిస్తే ఊరికి వినబడదు. ప్రాణం పోతే ఎల్లమ్మే ముందు చూస్తుంది, ఆమె చేతిలో పాలచెంబు ఉంటుంది, అది కింద పెట్టి ఊళ్లోకి పరుగెత్తాలి, మా ఆయనకు మూడో రోజుకు కబురు అందుతుంది. ఇట్లా వరసగా అన్నీ ఆలోచించాను. రత్నం దగ్గరికి వచ్చేసరికి ఆలోచన సాగలేదు. సాయంత్రం ఎల్లమ్మ వచ్చి చూసి పాలచెంబు గడప దగ్గర పెట్టింది. పక్కన కూర్చుని, తన కొంగుతో నా నోరు తుడిచింది. ఆ కొంగు ఏం చేసుకుందో నేను అడగలేదు. ఆ రోజు తర్వాత మళ్లీ పడలేదు.

మా ఆయన వచ్చినప్పుడల్లా గుడ్డలు ఇచ్చి పంపేదాన్ని. రత్నం చూసిందా, ఏమంది అని అడిగేదాన్ని. బాగుండాయంది అనేవాడు. అనేటప్పుడు నా వైపు కాకుండా నీళ్లవైపు చూసేవాడు.

ఆషాఢంలో త్రాసు ముల్లు ముందుకు పోయింది. డాక్టరమ్మ రెండుసార్లు చూసింది. అప్పుడు నేను నిజం చెప్పాను, వైశాఖంలో అబద్ధమాడాను, పాలు గుడ్డకు పోశాను అని. ఆమె కలం కింద పెట్టింది. నీ అబద్ధం నమ్మి నిన్ను రెండేళ్లు దూరం చేసేదాన్ని, తెలుసా అంది. తెలుసు, అందుకే రాస్తున్నాను. డాక్టరు దగ్గర మొహమాటం వద్దు, సిగ్గు వద్దు. వాళ్లు చూసేది మీరు చెప్పిన ఒళ్లునే. ఆమె ఇంటికి పంపింది గానీ, ఇంకో ఏడాది బిడ్డను ముఖం దగ్గరికి తీసుకోకూడదు, పడక వేరు, గిన్నెలు వేరు అంది.

ఎల్లమ్మను ఏం కావాలని అడిగితే, కోడిలా వచ్చిన ఆ అచ్చు ఇమ్మంది. పండగకు గోడమీద సున్నంతో గుద్దుకుంటానంది. కట్ట చివరిదాకా వచ్చింది. కళ్లు తుడుచుకుంటూనే, ఆడ పాలు ఎవురు తాపుతారో సూస్తా అంది.

ఇంటికి పోయేసరికి రత్నం వాకిట్లో ఉంది. నన్ను చూసి లేచి, మా అత్త వెనక్కి పోయి కుచ్చెళ్లు పట్టుకుంది.

"అవ్వా, ఎవురామె?"

నేను గడప బయటే కూర్చున్నాను. నా బొమ్మ పంపాను కదా, బుగ్గలు తేడాగా ఉన్నాయేమో అనుకున్నాను. పెరట్లోకి పోతే తెలిసింది. నేను పంపిన గుడ్డలన్నీ మూటలు మూటలుగా వేపకొమ్మకు కట్టి ఉన్నాయి. ఎండకూ వానకూ మూటగుడ్డలు తెల్లబడ్డాయి. ఒక్క ముడి కూడా విప్పలేదు. నా బిడ్డ ఒక్కటి చూడలేదు.

ఆ పూట మా అత్తను జన్మలో అనని మాటలన్నాను. అవి ఇక్కడ రాయను. ఆమె మా ఆయన వైపు కూడా చూడలేదు. చాట పక్కన పెట్టి నిదానంగా చెప్పింది.

"నా కూతురు సావిత్రి జొరంతో పోయిందని నీకు సెప్పినాము. జొరం కాదు, ఇదే. అది పోయినాక దాని కోక దాని బిడ్డకు కప్పినాను, అమ్మ వాసన ఉంటాదని. ఆర్నెల్లకు ఆ బిడ్డ గూడా పోయినాడు. నువ్వు పంపినవి నేను పారెయ్యలేదు. లోపలికి తేలేదు. అంతే."

ఆమె మళ్లీ చాట అందుకుంది. మా ఆయన వాకిట్లో నిలబడి కాలి బొటనవేలితో మట్టి గీరుతూ ఉన్నాడు.

మర్నాడు తెల్లవారగానే మా అత్త పెద్ద కాగు పొయ్యిమీద పెట్టి వేరు వేసింది. మూటలు తానే విప్పి, కర్రతో ఎత్తి ఒక్కో గుడ్డా లోపల వేసింది. పొద్దు నడినెత్తికి వచ్చినా దించలేదు. ఇంతసేపు ఉడికితే రంగు చెడుతుంది అత్తా అన్నాను. చెడనీ అంది. రత్నం ఆమె పక్కన చేరి కాగులోకి తొంగి చూస్తోంది. గుడ్డలు పైకి తేలినప్పుడు కొంగల వెనక పొద్దు ఎర్రగా వచ్చి ఉంది, కొంచెం ముదురుగా, కానీ వచ్చింది. ఎవరు చేసినారవ్వా అని రత్నం అడిగింది. మీయమ్మ, అదిగో ఆడ కూర్చోనుండాదే, ఆమె అంది అత్త.

అది నా దగ్గరికి వచ్చిందని చెప్పను. రాలేదు. గుడ్డలు ఆరాక కప్పుకుని తిరిగేది. నన్ను చెరువామె అనేది. చెరువామె, ఆ ఎనుము మునిగిపోయిందా అని దూరంనుంచి అడిగేది. నేను దూరంనుంచే చెప్పేదాన్ని. నేను దగ్గరికి పిలవకూడదు, అది రాదు. ఒకే ఇంట్లో ఉండి ఒంటరిగా ఉండటం చెరువు కట్ట కంటే కష్టమని అప్పుడు తెలిసింది. కట్టమీదైతే కనీసం ఇల్లు ఒకటి ఉందని అనుకునేదాన్ని.

శ్రావణంలో గాజులామె వచ్చింది. గాజుల మలారం దించి తిన్నెమీద కూర్చుని, అత్తకు వేసి, నేను అటు చివర ఉంటే నా వైపు జరిగి చెయ్యి చాపింది. ఊరూరూ తిరిగే మనిషి, మా ఇంటి సంగతి తెలియదు. ఎట్లా చెప్పాలా అని నేను చెయ్యి వెనక్కి తీసుకుంటుండగా రత్నం వాకిట్లోంచి పరుగెత్తుకొచ్చి మా ఇద్దరి మధ్య నిలబడింది.

"ముట్టుకోవద్దు."

గాజులామె నవ్వింది. "ఎందుకమ్మా? నీదా ఏం?"

"మాయమ్మ. దానికి బాగయ్యేదాకా ఎవురూ ముట్టుకోగూడదు. నేను గూడా ముట్టుకోను."

అని చేతులు రెండూ బార్లా చాపి అట్లాగే నిలబడింది. మా అత్త ముఖం పక్కకు తిప్పుకుంది. గాజులు ఒక చాటలో పెట్టి ఇటు జరిపితే నేనే తొడుక్కున్నాను. చేతికి సరిపోయాయో లేదో నాకు తెలియలేదు. నా కూతురి వీపు నాకు జానెడు దూరంలో ఉంది. ముట్టుకోలేదు. చూస్తూ కూర్చున్నాను.

ఇంతసేపు విన్నారు, చల్లగా ఉండండి. మీ ఇంట్లో దగ్గు వానాకాలపు దగ్గుగానే వచ్చి పోవాలి. మీ ముసలివాళ్లకు భయపడవలసిన జ్ఞాపకాలు ఉండకూడదు. మీ పిల్లలు వీధిలోంచి అమ్మా అని కేక వేస్తే, లోపలినుంచి పలికే గొంతు ఏ రోజూ తప్పకుండా ఉండాలి.